ఊరి గ్రూపులో రాజకీయం మొదలైతే బూతులే. అడ్మిన్‌గా నన్నేం చేయమంటారు?

ఎరువుల దుకాణం:

మాది పరకాల దాటినాక వచ్చే ఒక ఊరు. పేరు వద్దు, చదివేవాళ్లలో మావాళ్లు ఉండొచ్చు. నాకు అక్కడే ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో ఎవరికి ఏం కావాలో తెలుసుకుందామని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. అప్పుడు అందులో వచ్చేవి షుగర్ గోళీలు, పాల ప్యాకెట్లు, రేపు పరకాల పోయే బండి ఎవరిది, ఇవే. లాక్‌డౌన్ పోయింది, గ్రూపు మిగిలింది. ఇప్పుడు నాలుగు వందల పైచిలుకు మంది ఉన్నారు. ఊళ్లో ఉండేవాళ్లు సగమే. మిగతావాళ్లు హన్మకొండ, హైదరాబాద్, భీవండి, దుబాయి, మస్కట్.

ఊళ్లో ఎవరైనా పోతే ముందు తెలిసేది ఈ గ్రూపులోనే. వడ్ల కాంటా ఎప్పుడు పెడతారు, కరెంటు ఎందుకు పోయింది, ఎవరి బర్రె తప్పిపోయింది, అన్నీ ఇందులోనే. కాబట్టి మూసి పారేయండి అని మాత్రం చెప్పకండి.

రాజకీయం ఎప్పుడూ ఉండేదే. కానీ నిరుడు వానాకాలం యూరియాతో అసలు లొల్లి ముదిరింది. ఆగస్టు, సెప్టెంబర్ గుర్తుండే ఉంటుంది మీకు. సొసైటీ ముందర తెల్లారకముందే చెప్పులు, పాసుబుక్కులు వరుసలో పెట్టి, మనుషులు పక్కన అరుగుల మీద కునుకు తీసేవాళ్లు. 45 కిలోల బస్తా, 266 రూపాయల 50 పైసలు. దాని కోసం రెండు మూడు రోజులు కైకిలి ఎగ్గొట్టి నిలబడ్డవాళ్లు ఉన్నారు. నా దుకాణానికి లోడు వచ్చిన రోజు ఈ-పాస్ మిషన్ మీద వేలిముద్రలు పెట్టించి ఇచ్చుకుంటూ పోతే మధ్యాహ్నానికి గోదాం ఖాళీ.

మా ఊళ్లో రిటైరైన లెక్కల సార్ ఒకాయన ఉన్నారు. నలభై దాటినవాళ్లలో సగం మంది ఆయన దగ్గర చదివినవాళ్లే. ఆయన ఆ చెప్పుల వరుస ఫోటో తీసి గ్రూపులో పెట్టి, "దీనికి జవాబుదారీ ఎవరు?" అని రాశారు. ఏ పార్టీ పేరూ ఎత్తలేదు. పావుగంట కాలేదు, మస్కట్‌లో ఉండే పిల్లగాడు ఒకడు "రెండేండ్ల కింద నోట్లె ఏం పెట్టుకున్నవ్ ముసలోడా" అని పెట్టాడు. ఈ పిల్లగాడు ఊరికి వచ్చినప్పుడు సార్ ఎదురైతే బండి ఆపి, దిగి నమస్తే పెడతాడు. నేను కళ్లారా చూసినవాణ్ని.

ఇక అందుకున్నారు. ఒకడు వాళ్ల అమ్మను ఎత్తాడు, ఇంకొకడు వాళ్ల అయ్య తాగుడును ఎత్తాడు. రాష్ట్రానిదే తప్పు అనేవాళ్లు, కేంద్రానిదే తప్పు అనేవాళ్లు, మా సర్కారు ఉన్నప్పుడు ఇట్ల లేకుండె అనేవాళ్లు. విచిత్రం ఏమిటంటే మూడు పార్టీల తిట్లూ ఒకటే. లీడర్ పేరు తీసి ఇంకో పేరు పెడితే ఎవరిది ఎవరికైనా సరిపోతుంది. తెల్లారి చూస్తే 600 మెసేజ్‌లు. అందులో యూరియా గురించి పది కూడా లేవు. నేను బ్లాకుల అమ్ముకున్నానని కూడా ఒకాయన రాశాడు. ఆయన నా దగ్గర రెండు సీజన్ల ఉద్దెర ఉన్నాడు, అది వేరే సంగతి.

ఆ మధ్యలోనే హన్మకొండలో డిగ్రీ చదివే మా ఊరి అమ్మాయి ఒక పెద్ద మెసేజ్ రాసింది. యూరియా నెలనెలా ఇంత అని రాష్ట్రానికి కేటాయించేది కేంద్రం. జిల్లాలకు, సొసైటీలకు, డీలర్లకు పంచేది రాష్ట్రం. కాబట్టి మన జిల్లాకు కేటాయించింది ఎంత, చేరింది ఎంత, చేరింది ఎటు పోయింది అని మూడు లెక్కలు వేర్వేరుగా అడగాలి. రామగుండంలో ఏడాదికి 12.7 లక్షల టన్నుల ఫ్యాక్టరీ ఉన్నా, మన పక్కన తయారైనంత మాత్రాన అంతా మనకే రాదు. ఇదీ ఆమె రాసింది. ఇన్నేండ్లుగా ఎరువులు అమ్ముతున్నాను, నేను కూడా అంత సాఫ్‌గా చెప్పలేను.

దానికి వచ్చిన మొదటి జవాబు, "సదువుకో పొమ్మంటే రాజకీయం చేస్తున్నవా, మీ అయ్యకు చెప్పాల్నా?" అదే మనిషి వెంటనే ఇంకోటి పెట్టాడు, అది నేను ఇక్కడ రాయను. నలభై ఐదేండ్ల మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా గ్రూపు నుంచి వెళ్లిపోయింది. ఎవరైనా వెళ్లిపోతే ఇప్పుడు అడ్మిన్‌కు ఒక్కడికే కనబడుతుంది కదా, నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. తిట్లు నడుస్తూనే ఉన్నాయి.

రెండు రోజులకు వాళ్ల నాయన పత్తి మందు కోసం వచ్చాడు. డబ్బా తీసుకున్నాడు, పైసలిచ్చాడు, చిల్లర లెక్క చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు అడిగాడు, "అన్నా, ఆ గ్రూపుకు పెద్దమనిషివి నువ్వే కదనే?"

డిసెంబర్‌లో సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. వీటిల్లో పార్టీ గుర్తులు ఉండవు, ఉంగరం, కత్తెర లాంటివే. కానీ ఉంగరం వెనుక ఎవరున్నారో, కత్తెర వెనుక ఎవరున్నారో ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. నామినేషన్ల నాడే గ్రూపును అడ్మిన్ ఓన్లీలో, అంటే నేను తప్ప ఎవరూ రాయలేకుండా, పెట్టేశాను. ఒక్క కుంపటి ఆర్పితే మూడు కుంపట్లు రాజుకున్నాయి. మూడు పార్టీలకు మూడు గ్రూపులు, దాంట్లో మాటలు దీంట్లోకి స్క్రీన్‌షాట్లు. ఒకే గోడకు అటూ ఇటూ ఉండే అన్నదమ్ముల ఇండ్లు, మొన్న పెండ్లికి ఒకరికొకరు చెప్పుకోలేదు. కారణం అడిగితే స్క్రీన్‌షాట్ చూపించారు.

ఇప్పుడు గ్రూపు మళ్లీ తెరిచాను. రాజకీయం మాట్లాడొద్దు అని రూల్ పెడదామంటే యూరియా రాజకీయమే, వడ్ల కాంటా రాజకీయమే, రోడ్డు మీద గుంత రాజకీయమే. ఇక మిగిలేది గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు. అదీ మన దగ్గర కష్టమే, గులాబీ పెట్టినా లొల్లే, తామర పెట్టినా లొల్లే. తిట్టినవాళ్లను తీసేద్దామంటే వాళ్లే నా గిరాకీ, సగం మంది చుట్టాలు. పైగా "అడ్మిన్ మీద కేసైతది" అని కొందరు భయపెడుతున్నారు. అది నిజమేనా? ఇట్లాంటి గ్రూపు నడిపిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు వకీలు:

హన్మకొండ కోర్టులో ప్రాక్టీసు. ముందు మీ టెన్షన్ తీరుస్తాను. గ్రూపులో వేరేవాళ్లు పెట్టిన మెసేజ్‌కు, అడ్మిన్ అయినంత మాత్రాన మీరు నేరస్తులు కారు. బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో ఇదే చెప్పాయి. మీరూ వాళ్లూ కూడబలుక్కుని చేశారని తేలితే అది వేరే. ఇవి మన హైకోర్టు తీర్పులు కావు కానీ వాదనకు గట్టిగా పనికొస్తాయి.

ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్షించే 66ఎ అనే సెక్షన్ ఐటీ చట్టంలో ఉండేది, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. అయినా "66ఎ పెట్టిస్తా బిడ్డా" అని బెదిరించేవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. 2025 సెప్టెంబర్‌లో మన తెలంగాణ హైకోర్టు కూడా సోషల్ మీడియా పోస్టుల విషయంలో పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. రాజకీయ విమర్శ కటువుగా ఉందని చెప్పి యాంత్రికంగా కేసు కట్టొద్దని దాని సారం.

సార్‌ను ముసలోడా అన్నది మర్యాద తప్పిన మాటే, కానీ పోలీస్ స్టేషన్ దాకా పోయే సంగతి కాదు. పరువు నష్టం అంటారా, అది భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 356వ సెక్షన్. పోలీసులు నేరుగా కేసు కట్టేది కాదు, కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. నా గదికి ఇట్లాంటివాళ్లు కోపంగా వస్తారు, ఫీజు, వాయిదాలు చెప్పగానే చల్లబడి పోతారు.

ఆ అమ్మాయికి పెట్టిన రెండో మెసేజ్ సంగతి వేరు. మీరు రాయలేదు కాబట్టి నేను ఊహించి మాత్రమే చెబుతున్నాను. ఆడమనిషి గౌరవానికి భంగం కలిగించే మాట అయితే బీఎన్ఎస్ 79 కిందికి రావచ్చు, దానికి మూడేళ్ల దాకా శిక్ష ఉంది. కేసు పెట్టాలా వద్దా అనేది ఆమె ఇష్టం. మీ ఇష్టం కాదు, వాళ్ల నాయన ఇష్టం కూడా కాదు. మీరు చేయాల్సింది ఒకటే, ఆ రోజు చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, స్క్రీన్‌షాట్లు తేదీ, నంబరు కనబడేట్టు తీసి పెట్టుకోండి. అడ్మిన్‌గా ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనబడకుండా తీసేసే వీలు మీకుంది. దాచిపెట్టుకున్నాకే తీసేయండి.

నిక్కచ్చి మనిషి:

కథ బాగుంది. ముందు ఆ లెక్కల సార్ ఏ పార్టీయో చెప్పండి. రెండేండ్ల కింద నిజంగానే నోరు మూసుకున్నాడా లేదా? అది చెప్పకుండా ముసలాయన, మర్యాద అని ఏడుపు పాట ఎందుకు?

ఎరువుల దుకాణం:

మీరు మా ఊరివాళ్లు కాదు కదా?

సార్ రెండేండ్ల కింద కూడా ఫోటోలు పెట్టారు. అప్పుడు తిట్టినవాళ్లు వేరే పార్టీ.

షార్జా నుంచి కోరుట్ల:

అన్నా, మాది కోరుట్ల దిక్కు. షార్జాల ఉంటా, ఏసీ పని. మీ మస్కట్ తమ్ముని తరఫున కాదు గానీ, ఇక్కడి సంగతి కొంచెం చెప్తా.

డ్యూటీ బస్సు రూమ్ కాడ దించేసరికి ఏడున్నర, ఎనిమిది. స్నానానికి లైను, వంటకు లైను. తిని మంచమెక్కేసరికి పది దాటుతది. రూముకు ఎనిమిది మందిమి, మీద ఒకడు, కింద ఒకడు. నాకు ఉన్న సొంత జాగ అంటే మంచానికి కట్టుకున్న పరదా, దాని లోపట ఫోను. అప్పుడు ఊరి గ్రూపు తెరుస్తం. ఇక్కడ పదకొండు అంటే మన దగ్గర పన్నెండున్నర. మస్కట్ టైం కూడా ఇదే. ఊరంతా పండుకున్నది, ఆపేటోడు లేడు. మీరు పొద్దుగాల లేచి 600 చూసిన్రంటే అట్లనే.

ఇంకోటి. ఇక్కడ వాట్సాప్‌ల రాసుడు, వాయిస్ పెట్టుడే. కాల్ కలవదు. మాట్లాడాలంటే అవతలోళ్ల దగ్గర బోటిమ్ లాంటి యాప్ ఉండాలె. అందుకే అన్నిటికీ రాసుడే అయింది. మా రూముల మూడు పార్టీలోళ్లం ఉన్నం, ఒక్క గిన్నెల అన్నం వండుకుంటం. లీడర్లను నోటికొచ్చినట్టు తిట్టుకుంటం, ఒకని మొకం మాడితే ఇంకొకడు గుర్తుపట్టి ఆపుతడు. ఇప్పటిదాంక ఒకని అమ్మను ఇంకొకడు అన్నది లేదు. వీళ్లే పరదా లోపటికి పోయి ఫోన్ల ఏం రాస్తరో చూస్తే మీరు నమ్మరు.

ఓటు సంగతి కూడా చెప్తా. మాకు ఫారం 6ఎ అని ఉంటది, నింపితే ప్రవాస ఓటరుగా పేరు ఎక్కుతది. కానీ ఓటు వెయ్యాలంటే పాస్‌పోర్టు పట్టుకొని ఊరి బూత్ కాడికే రావాలె. టికెట్ పైసలు ఎవడు పెడతడు, కఫీల్, అంటే మమ్మల్ని పనికి పెట్టుకున్న సేటు, సెలవు ఎందుకిస్తడు? సర్పంచ్ ఎన్నికలప్పుడు మా ఊరి పిల్లలు ఇక్కడినుంచి ఒకటే కొట్లాట, ఒక్కనికీ ఓటు లేదు. ఓటు లేనోనికి నోరే మిగుల్తది.

ఆ తమ్మునికి గ్రూపుల జవాబు రాయకండి. అందరి ముందట రాస్తే వాడు ఇంకా నాలుగు మెట్లు ఎక్కుతడు. వాయిస్ మెసేజ్ పెట్టండి, మీ గొంతు వినాలె వాడు. ముందుగాల తిన్నవా అని అడగండి.

కాజీపేట పాత గార్డు:

గార్డుగా చేరి ట్రైన్ మేనేజర్‌గా రిటైరైనవాణ్ని. 2022లో మా కొలువు పేరు అట్లా మార్చారు, జీతం మాత్రం మార్చలేదు. మా కాలనీ గ్రూపు నేనూ ఇంకో ఇద్దరం చూసుకుంటాం.

రైల్వేలో మాకు పార్టీలతో పాటు యూనియన్లు కూడా ఉంటాయి, అది రెండింతల పంచాది. 2013 తర్వాత మళ్లీ 2024 డిసెంబర్ 4, 5, 6 తారీఖుల్లో యూనియన్ గుర్తింపు ఎన్నికలు జరిగాయి. పదకొండేండ్ల కక్ష అంతా మా గ్రూపులోనే కక్కారు. పింఛన్ల మీద మొదలైతే రెండు మెసేజ్‌లకు "నువ్వు క్వార్టర్ కిరాయికిచ్చుకున్న దొంగవి" దాకా పోయేది. మేము చేసినవి చెబుతాను, మీకు పనికొచ్చినకాడికి తీసుకోండి.

అడ్మిన్లు ఒక్క మనిషి ఉండకూడదు. మీరు ఎంత న్యాయంగా ఉన్నా మీరు ఏదో ఒక పార్టీ అని వాళ్లు ముందే రాసుకుని ఉంటారు. ప్రతి పక్షం నుంచి ఒక పెద్దమనిషిని అడ్మిన్ చేయండి. ఒప్పందం ఒకటే, ఎవరి మనిషి హద్దు దాటితే వాళ్ల మనిషే ఫోన్ చేసి చెప్పాలి. అవతలి పక్షం వాళ్లు నోరెత్తొద్దు. అవతలివాడు "తప్పురా" అంటే అది పోటీ మాట. సొంత మనిషి "అరే, మన పరువు తీస్తున్నవ్" అంటే గుచ్చుకుంటుంది. మా దగ్గర ఒక లోకో పైలట్ ఉండేవాడు, నోరు తెరిస్తే బూతు. మేము రెండుసార్లు తీసేస్తే రెండుసార్లూ ఇంకా పెద్ద హీరో అయి వచ్చాడు. చివరికి వాళ్ల యూనియన్ బ్రాంచి సెక్రటరీయే ఒక రోజు రన్నింగ్ రూములో (డ్యూటీ దిగాక మేము పడుకునే చోట) పట్టుకుని, "నీ తిట్లకు నాకు ఓట్లు పోతున్నయ్ రా" అన్నాడు. దాంతో నోరు అదుపులోకి వచ్చింది. మర్యాద నేర్చుకున్నాడని కాదు, లెక్క అర్థమైంది.

రెండోది, ఫార్వర్డులు బంద్. ఎవరి మాట వాళ్లు సొంతంగా టైపు చేయాల్సిందే. మీరు గమనించండి, మొదటి నిప్పు ఎప్పుడూ బయటినుంచి వచ్చిన కార్టూనో ఎడిటింగ్ వీడియోనో అయి ఉంటుంది, దాని మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. అది పార్టీ ఆఫీసుల్లో జీతానికి తయారు చేసే సరుకు. మనవాళ్లు దాన్ని మోసే హమాలీలు, అదీ కూలి లేకుండా.

రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా మాది అడ్మిన్ ఓన్లీ. దానంతట అది మారదు, రోజూ మేమే వంతులవారీగా నొక్కాలి. చావు కబురు ఉంటే అడ్మిన్‌కు ఫోన్ చేస్తారు, మేము పెడతాం. షార్జా తమ్ముని మాటలు చదివాక ఇది వాళ్లకు అన్యాయం అనిపిస్తోంది. వాళ్ల కోసం ఇంకో గంట పెంచుకోండి.

ఇంటి ఆడవాళ్లను, చచ్చిపోయినవాళ్లను ఎత్తితే వారం రోజులు బయటికి. లీడర్లను ఏమన్నా అనుకోండి, వాళ్లకేం కాదు.

కేయూ హాస్టల్ నుంచి:

కాకతీయ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ రీసెర్చ్ చేస్తున్నాను. పైన అందరూ మగవాళ్లే రాసినట్టున్నారు, నాకు ఒక తేడా కొట్టింది. సార్‌ను తిట్టింది ఆయన అన్న మాటకు. ఆ అమ్మాయిని తిట్టింది ఆమె మాట్లాడినందుకు. మీరు రెండింటినీ ఒకే గంపలో వేస్తున్నారు.

అసలు పేర్లు లేకపోవడం వల్ల జనం రెచ్చిపోతారని చాలామంది అంటారు. మీ గ్రూపులో అందరి పేరూ, నంబరూ, తాత పేరూ అందరికీ తెలుసు, అయినా ఆగలేదు. దక్షిణ కొరియాలో 2007లో పెద్ద వెబ్‌సైట్లలో కామెంటు పెట్టాలంటే అసలు గుర్తింపు చూపించాల్సిందే అని చట్టం తెచ్చారు. 2012లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానమే దాన్ని కొట్టేసింది.

డెన్మార్క్‌లోని ఆర్హస్ యూనివర్సిటీకి చెందిన బోర్, పీటర్సన్ అనే ఇద్దరు 2022లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలో, డెన్మార్క్‌లో జనాన్ని అడిగి చూశారు. ఎదురుగా మంచివాళ్లుగా ఉండి ఆన్‌లైన్‌లోకి రాగానే మారిపోయేవాళ్లు పెద్దగా లేరట. ఆన్‌లైన్‌లో దురుసుగా ఉండేవాళ్లు బయట కూడా అంతే. కాకపోతే బయట వాళ్ల మాట నలుగురికి వినబడుతుంది, ఇక్కడ నాలుగు వందల మందికి. మీ మస్కట్ అబ్బాయి దీనికి సరిపోడు, నిజమే. సార్‌కు బండి దిగి దండం పెట్టేవాడు ఆ లెక్కలో పట్టడు. కానీ ఆ నలభై ఐదేండ్లాయన సరిగ్గా పడతాడు. పత్తి ఏరే దగ్గర, కాంటా దగ్గర ఆయన ఆడవాళ్లతో ఎట్లా మాట్లాడతాడో మీ ఇంట్లోవాళ్లను అడగండి. మీకు తెలియని సంగతి వాళ్లకు తెలిసి ఉంటుంది.

గార్డు గారు చెప్పిన సొంత మనిషి పద్ధతికి దగ్గరగా కూడా ఒక పరిశోధన ఉంది. కెవిన్ మంగర్ అనే ఆయన 2017లో ప్రచురించాడు. ట్విట్టర్‌లో నల్లవాళ్లను జాతి పేరుతో తిట్టే తెల్లవాళ్లకు, తాను తయారు చేసిన ఖాతాలతో "అట్లా అనొద్దు" అని చెప్పించి చూశాడు. చెప్పే ఖాతా కూడా తెల్లవాడిదిగా కనబడి, ఫాలోయర్లు ఎక్కువ ఉన్నప్పుడే తిట్లు బాగా తగ్గాయి. మన కులం, మన పార్టీ, మన బస్తీ ఉన్నచోట ఇది ఇంకా పనిచేస్తుందని నా అభిప్రాయం. రుజువు అడగొద్దు.

ఒక్క ప్రశ్న. ఆ అమ్మాయికి ఆ మెసేజ్ పెట్టినప్పుడు నాలుగు వందల మందిలో ఒక్కరైనా, "అది కాదు, ఆమె చెప్పింది నిజమే" అని రాశారా? నేను మా పీజీ బ్యాచ్ గ్రూపు నుంచి బయటికి వచ్చింది తిట్టినవాడి వల్ల కాదు. వాడు తిడతాడని నాకు ముందే తెలుసు.

ఎరువుల దుకాణం:

పది రోజులకు రాస్తున్నాను. యాసంగి మందుల సీజను, తీరిక దొరకలేదు.

కేయూ అమ్మా, ఒక్కరూ రాయలేదు. నేనూ రాయలేదు, అప్పుడు దుకాణం ముందు లైను ఉంది.

మస్కట్ పిల్లగానికి వాయిస్ పెట్టాను, తిన్నవా అని అడిగే మొదలుపెట్టాను. "కాకా, నేను సార్‌ను అనలేదు, పార్టీని అన్న" అన్నాడు. మళ్లీ తనే ఇంకో వాయిస్ పెట్టి, సార్‌కు ఫోన్ చేస్తాలే అన్నాడు. చేశాడట. సార్‌ను అడిగితే నవ్వి, "వాడు ఏడో తరగతిలో కూడా అంతే, లెక్క తప్పైతే పక్కోని కాపీ చూసి తప్పైందనేవాడు" అన్నారు.

అడ్మిన్ల సంగతి. రెండు పార్టీలవాళ్లు ఒప్పుకున్నారు. మూడో పార్టీ ఆయన "ముందుగాల వాళ్లు ఆపితే మేము ఆపుతం" అంటున్నాడు, ఆ పార్టీలోనే ఒక వార్డు మెంబరుతో మాట్లాడుతున్నాను. ఫార్వర్డులు బంద్ అన్న నాడు మాత్రం గ్రూపు చప్పబడిపోయింది. సొంతంగా రాయమంటే చాలామందికి రాయడానికి ఏమీ లేదు.

ఆ నలభై ఐదేండ్లాయన సంగతి తేలలేదు. వాళ్ల పార్టీలోనే ఉండే ఆయన బావతో చెప్పించాను. "సరదాకన్న, అంతదానికి ఇంత చేస్తరా" అన్నాడట. స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుని ఆ రెండు మెసేజ్‌లు డిలీట్ చేసి, ఆయన్ను తీసేశాను. ఇప్పుడు మందులు పరకాలలో తెచ్చుకుంటున్నాడు. ఉద్దెర అట్లనే ఉంది. వారం దాటింది, మళ్లీ తీసుకోమని మనుషులతో అడిగిస్తున్నాడు. మా ఇంట్లోవాళ్లను అడిగాను కూడా. కేయూ అమ్మా, మీరన్నది నిజం.

ఆ అమ్మాయితో మాట్లాడాను. స్క్రీన్‌షాట్లు ఆమె ఎప్పుడో తీసి పెట్టుకుంది. కేసు గురించి ఏమీ అనలేదు. ఆయన ఉంటే తాను రానని మాత్రం చెప్పింది. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలు ఎప్పుడైనా రావచ్చు, అవి పార్టీ గుర్తుల మీదే జరుగుతాయి. అంతకుముందే తేల్చుకోవాలి. గార్డు గారూ, వారం అన్నారు కదా, ఏమంటారు?

కాజీపేట పాత గార్డు:

వారం అన్నది నోరు జారినవాళ్లకు. ఈయన నోరు జారలేదు. తీసుకోకండి. ఉద్దెర మాత్రం కాగితం మీద సంతకం పెట్టించుకోండి.

కేయూ హాస్టల్ నుంచి:

ముగ్గురు అడ్మిన్లనూ పార్టీల నుంచే ఎందుకు వెతుకుతున్నారు? ఏ పార్టీ కానివాళ్లకు ఒకరు ఉండొద్దా? ఆ అమ్మాయినే అడగండి. యూరియా మీద మూడు లెక్కలు విడదీసి చెప్పగలిగిన మనిషి ఇంకెవరున్నారు మీ గ్రూపులో?

ఎరువుల దుకాణం:

అది నాకు తట్టలేదు. అడుగుతాను, వాళ్ల నాయనను కాదు, ఆమెనే. సెమిస్టర్ పరీక్షలు నడుస్తున్నాయట, అవి అయిపోనీ.